పరుగెత్తే పిల్లలను "ఎంత కష్టంగా ఉంది?" అని అడిగితే 6 లేదా 20 అంటున్నారు. ఎందుకు?

ఎనిమిదేళ్ల పిల్లలకు, ఎంత శ్రమగా అనిపిస్తోందో అంకెతో చెప్పే, 6 నుంచి 20 దాకా ఉండే బోర్గ్ స్కేలు ఇచ్చానని, వాళ్లు అటు చివరో ఇటు చివరో చెబుతున్నారని, నాడితో అసలు పొంతన లేదని రాశారు. పొంతన కుదరదు. ఆ స్కేలు తయారుచేసిన స్వీడన్ మనస్తత్వవేత్త గున్నార్ బోర్గ్ ఆ అంకెలను పెద్దవాళ్ల గుండె వేగానికి సరిపోయేలా పెట్టాడు: 6 అంటే నిమిషానికి సుమారు 60, 20 అంటే సుమారు 200. పిల్లల నాడి ఊరికే నిలబడి ఉన్నా అరవై కన్నా బాగా పైనే ఉంటుంది. పైగా అంకెల పక్కన రాసి ఉండే "కొంత శ్రమ", "శ్రమ", "చాలా శ్రమ" మధ్య తేడా ఆ వయసుకు అందదు.

0 నుంచి 10 దాకా ఉండే బొమ్మల స్కేలు వాడండి. ఓమ్ని స్కేలు అలాంటిదే: ఎత్తు ఎక్కుతున్న పిల్లవాడి బొమ్మలు, కింద అంకెలు. అట్ట మీద మీరే గీసుకోవచ్చు. గట్టును పైకి పోనుపోను నిటారుగా గీస్తే, 8 నుంచి 9కి ఎక్కడం 2 నుంచి 3కి ఎక్కడం కన్నా కష్టమని విడిగా చెప్పే పని ఉండదు.

బొమ్మ చూపించి వెంటనే అడిగితే మాత్రం మళ్లీ అదే తంతు. ముందు రెండు చివరలూ ఒంటికి తెలియాలి. రెండు నిమిషాలు కూర్చోబెట్టి "ఇది 0" అనండి. ఒంట్లో బాగున్న రోజున, వార్మప్ అయ్యాక, 20-30 సెకన్లు శక్తికొద్దీ పరుగెత్తించి "10 అంటే దీనికి దగ్గర" అనండి. మధ్యలో నడక, మెల్లని పరుగు. రెండు మూడు రోజులు ఇలా చేశాకే అంకెలు నమ్మండి.

అసలు పొరపాటు ఎక్కువగా జరిగేది అడిగే సమయంలో. పిల్లలు పెద్దల కన్నా చాలా త్వరగా తేరుకుంటారు. ఆగి, నీళ్లు తాగి, బూట్ల లేసు కట్టుకున్నాక అడిగితే 8 కాస్తా 3 అవుతుంది. పరుగు చివరి పది పదిహేను సెకన్లలోనే, పక్కన పరుగెడుతూ అట్ట చూపి, వేలితో చూపించమనండి. నోటితో చెప్పమంటే పక్కవాడు 2 అన్నాడని వీడూ 2 అంటాడు. తక్కువ అంకెకు "శభాష్" అనడం మానండి. ఆ మాట రెండుసార్లు పడితే ఇక ఎవరికీ అలసట రాదు!

కాళ్లు ఎంత, ఆయాసం ఎంత అని విడివిడిగా కూడా అడగండి. సైకిల్ మీద కాళ్లే ముందు మొరపెట్టుకుంటాయి. "ఆయాసం 4, కాళ్లు 8" అన్న పిల్లను బద్ధకమని తోసేయకూడదు.

"4లో పరుగెత్తు" అని తిరగేసి చెప్పడం దీనికన్నా కష్టం. మెల్లగా అన్నా పిల్లలు దూసుకుపోతారు. మాట్లాడుతూ పరుగెత్తమనడం అప్పుడు బాగా పనిచేస్తుంది: పూర్తి వాక్యం చెప్పలేకపోతే 4 దాటినట్టే. ఆరేడేళ్ల వాళ్లకైతే పది అంకెలు కూడా ఎక్కువ, మూడు బొమ్మలు చాలు.

ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, పిల్లికూతలు, ముఖం పాలిపోవడం కనిపిస్తే అంకె 2 అయినా ఆపేయండి. పరుగు అయ్యాక ఐదు పది నిమిషాలకు దగ్గు మళ్లీమళ్లీ వస్తుంటే అది అలసట కాకపోవచ్చు, డాక్టరుకు చూపించాలి.