నాన్నగారి గురకకో లెక్క, దిగులుకో లెక్క వద్దు

ప్రశ్న: నాన్నగారికి 71 ఏళ్లు. మూడేళ్లుగా డిప్రెషన్‌కు మందులు వాడుతున్నారు. ఇప్పుడు స్లీప్ ఆప్నియా ఉందని, నిద్రలో గంటకు 34 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరుగుతోందని పరీక్షలో తేలింది. డాక్టర్ సీపాప్ మెషిన్ (నిద్రలో మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపి శ్వాసదారి మూసుకుపోకుండా చూసేది) వాడమన్నారు. ఇప్పటికే ఖర్చులతో టెన్షన్‌గా ఉంది. నాన్నగారేమో 'ఈ వయసులో నా మీద డబ్బు దండగ' అంటున్నారు. కొనాలా, కొన్నాళ్లు ఆగాలా?

జవాబు: చికిత్స వాయిదా వేయకండి. మెషిన్ మాత్రం ఇప్పుడే కొనకండి, దొరికితే ముందు అద్దెకు తీసుకోండి.

ఆ సంఖ్య గంటకు 30 చేరితే తీవ్రమైన ఆప్నియా కిందే లెక్క. రాత్రంతా నిద్ర తెగుతూ ఉంటే పగలు నీరసం, చిరాకు, దేనిమీదా మనసు నిలవకపోవడం ఉంటాయి. డిప్రెషన్‌లోనూ ఇవే కనిపిస్తాయి. పెద్దవాళ్లలో అయితే 'వయసు కదా' అని సరిపెట్టుకుంటాం. అందుకే ఒక జబ్బు చాటున ఇంకొకటి ఏళ్ల తరబడి దాగిపోతుంది. ఈలోగా మందులు మారుతుంటాయి, డోసు పెరుగుతుంది, చేసిన పరీక్షలే మళ్లీ చేయిస్తారు. గత 12 నెలల బిల్లులన్నీ ఒకచోట పరిచి చూడండి. బీపీ మందులు, ఆస్పత్రి ప్రయాణాలు, మీరు పెట్టిన సెలవులు కూడా కలపండి. మెషిన్ ధరను పోల్చాల్సింది ఆ మొత్తంతో.

అలాగని మెషిన్ వచ్చాక మిగతా బిల్లులు తగ్గిపోతాయని బడ్జెట్‌లో రాసుకోవద్దు. గుండె, మెదడు రక్తనాళాల జబ్బు ఉన్న 2,700 మందికి పైగా రోగులతో చేసిన ఒక పెద్ద అధ్యయనం 2016లో వెలువడింది. సీపాప్ వల్ల గుండెపోటు, పక్షవాతం తగ్గినట్టు అందులో తేలలేదు. పగటి మగత తగ్గింది, మనసు కాస్త కుదుటపడింది. అయితే వాళ్లు మెషిన్ వాడింది రాత్రికి సగటున 3.3 గంటలే.

అద్దెకు తీసుకోమనడానికి కారణం ఈ వాడకమే. మాస్క్ మొదట్లో చాలామందికి ఇబ్బందిగా ఉంటుంది, డిప్రెషన్ ఉన్నవాళ్లు తొందరగా పక్కన పెట్టేస్తారు. మూలన పడ్డ మెషిన్‌ను మించిన నష్టం లేదు. కాబట్టి మాస్క్ సరిచేయించడానికి రెండు మూడు సార్లు వెళ్లే ఖర్చు ముందే తీసిపెట్టండి. మాస్క్, ఫిల్టర్లు, ట్యూబ్ మార్చే ఖర్చు ఏటా ఉంటుంది, దాన్ని పన్నెండుతో భాగించి నెల బడ్జెట్‌లో వేయండి. ఎన్ని గంటలు వాడారో మెషిన్‌లోనే నమోదవుతుంది. మూడు నెలల్లో పదింట ఏడు రాత్రులు 4 గంటలు దాటితే కొనేయండి. దాటకపోతే వేరే మాస్క్ గురించో, దంతవైద్యులు అమర్చే పరికరం గురించో డాక్టర్‌ని అడగండి.

బీమా కాగితాల్లో మెషిన్, మాస్క్, అద్దె మూడూ వర్తిస్తాయో లేదో విడివిడిగా రాతపూర్వకంగా అడగండి. కొన్ని బీమాలు వాడిన గంటలు చూశాకే చెల్లిస్తాయి. కొత్త పాలసీ తీసుకుంటే రెండు జబ్బులూ చెప్పండి, దాస్తే క్లెయిమ్ తిరస్కరించవచ్చు. డబ్బు అత్యవసర నిధి నుంచి తీయండి, అప్పు చేయకండి. ఖర్చు తగ్గుతుందని డిప్రెషన్ మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు. కొన్ని నిద్రమాత్రలు ఊపిరి సమస్యను పెంచుతాయి కాబట్టి ఇద్దరు డాక్టర్లకూ ఒకే మందుల చీటీ చూపించండి.

ఇక 'నా మీద డబ్బు దండగ' అన్న మాట. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది అదే. అది పొదుపు మాటలా వినిపిస్తుంది కానీ, నేను ఎవరికో భారం అనుకోవడం డిప్రెషన్‌లో తరచూ కనిపించేదే. అందుకే మెషిన్ సంగతిని ఆ మాటతో తేల్చకండి. ఆయన అన్నది అన్నట్టుగా మానసిక వైద్యులకు ఈ వారమే చెప్పండి. బతకాలని లేదన్నట్టు మాట్లాడితే ఆ రోజే తీసుకెళ్లండి.