అమ్మను కీమోకి తీసుకొచ్చే ముందు

నాన్నా,

నీ మెసేజ్ రాత్రే చూశాను. అమ్మకి 71 ఏళ్ళు, షుగర్ కూడా ఉంది, క్యాన్సర్‌కి ఇచ్చే కీమో తట్టుకుంటుందా పెద్దమ్మా అని అడిగావు. చెన్నైలో కీమో వార్డులో ముప్పై ఏళ్ళు నర్సుగా చేశాను కాబట్టి చెప్తున్నా, వయసు ఒక్కటే చూసి ఎవరూ చెప్పలేరురా. 80 దాటినవాళ్ళు ఆరు సైకిళ్ళూ, అంటే ఆరు విడతల కీమో, పూర్తి చేసుకుని తమ కాళ్ళ మీద తాము నడిచి వెళ్ళడం చూశాను, 62 ఏళ్ళ ఆవిడ రెండో సైకిల్‌కే మంచం పట్టడమూ చూశాను. ఒంట్లో సత్తువ ముందే ఎంత మిగిలుంది, ఆ సంగతి డాక్టరుకి తెలిసిందా లేదా, తేడా అంతా అక్కడే. డాక్టరు చూసేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ మా చెల్లి మంచి చీర కట్టుకుని నిటారుగా కూర్చుని "బాగానే ఉన్నానండీ" అంటుంది, నాకు తెలుసు దాని సంగతి. ఇంట్లో దాన్ని చూసేది నువ్వు.

అందుకే చెన్నైకి బయలుదేరేలోపు ఈ వారం రోజులూ అమ్మని కనిపెట్టి చూడు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్ల దూరం నడిచి, వెనక్కి తిరిగొచ్చి కూర్చోమను, ఫోన్‌లో టైము పెట్టు. 12 సెకన్లు దాటితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. లేచేటప్పుడు చేతులు ఊని లేస్తోందా, తిరిగేటప్పుడు గోడ పట్టుకుంటోందా అన్నది కూడా చూడు. ఈ ఆరు నెలల్లో ఎక్కడైనా పడిందేమో అడుగు, నిన్ను కంగారు పెట్టకూడదని దాచి ఉంటుంది, కాబట్టి మీ పిన్నిని విడిగా అడుగు. బరువు తూయించు. 60 కిలోల మనిషి నెలలో 3 కిలోలు తగ్గితే అది చిన్న విషయం కాదు. పోయిన సంక్రాంతికి మణికట్టు దగ్గర ఆగిన గాజులు ఇప్పుడు చెయ్యెత్తితే మోచేతి దాకా జారుతున్నాయని నువ్వే రాశావు కదా, ఆ మాట డాక్టరుకి చెప్పు, కళ్ళకు కట్టినట్టు అర్థమవుతుంది. పాలవాడి లెక్క ఇదివరకటిలా తనే చూసుకుంటోందా, స్టవ్ ఆపడం మర్చిపోతోందా, మందులు తనే గుర్తుగా వేసుకుంటోందా, ఇవీ రాసుకో.

ఇవన్నీ నేను సొంతంగా చెప్తున్నవి కావు. 65 దాటినవాళ్ళకి కీమో మొదలుపెట్టే ముందు ఇలా నడక, తిండి, జ్ఞాపకం, మనసు, మందులు అన్నీ చూడాలని అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం ఆస్కో 2018లో గైడ్‌లైన్ ఇచ్చింది. జెరియాట్రిక్ అసెస్‌మెంట్ అంటారు. 70 దాటిన 718 మంది మీద చేసిన ఒక స్టడీ 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఈ వివరాలన్నీ ముందే డాక్టర్ల చేతికి ఇచ్చిన చోట తీవ్రమైన సైడ్ ఎఫెక్టులు 51 శాతం మందికి వచ్చాయి, ఇవ్వని చోట 71 శాతం మందికి. ఇచ్చిన చోట డాక్టర్లు మొదటి సైకిల్‌లో డోసు తగ్గించి మొదలుపెట్టింది ఎక్కువ, అయినా దానివల్ల బతికే కాలం తగ్గినట్టు కనిపించలేదు. కాబట్టి నీరసంగా ఉందని చెప్తే ట్రీట్‌మెంట్ ఆపేస్తారేమో అని భయపడి ఏదీ దాచొద్దు. "మా అమ్మకి జెరియాట్రిక్ అసెస్‌మెంట్ చేస్తారా" అని మొదటి రోజే అడుగు.

ఇంట్లో వేసుకునే మందులన్నీ, ఆయుర్వేదం పొడులూ కషాయాలతో సహా, ఒక సంచిలో వేసి తీసుకురా. వాంతులు రాకుండా కీమోతో పాటు తరచు స్టెరాయిడ్ ఇస్తారు, దానికి షుగర్ పెరుగుతుంది. వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజు బీపీ మాత్ర మామూలుగా వేస్తే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. ఆ రోజుల్లో ఏ మాత్ర వెయ్యాలో ఏది ఆపాలో ముందే అడిగి కాగితం మీద రాయించుకో.

ఇప్పుడు జ్వరం గురించి, ఇది రెండుసార్లు చదువు. కీమో ఎక్కించాక సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు 100.4 జ్వరం వస్తే అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. మీ పెదనాన్నకి మూడో సైకిల్ అయిన తొమ్మిదో రోజు నేను నైట్ డ్యూటీలో ఉన్నాను. ఒళ్ళు వెచ్చబడిందట, డ్యూటీలో ఉన్నదాన్ని ఎందుకు పిలవడమని పారాసిటమాల్ వేసుకుని పడుకున్నాడు. పొద్దున నేను తలుపు తీసేసరికి దిండు చెమటతో తడిసిపోయి ఉంది, చేతులు మంచు ముద్దల్లా ఉన్నాయి, నన్ను చూసి మా అత్తగారి పేరు పెట్టి పిలిచాడు. జ్వరం మాత్రం లేదు, మాత్ర దాన్ని కప్పేసింది. పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నాడు. రోజూ అంతమందికి చెప్పేదాన్ని, ఇంట్లో మనిషికి విడమరిచి చెప్పలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే థర్మామీటర్ చూడకుండా, ఆసుపత్రికి ఫోన్ చెయ్యకుండా జ్వరం మాత్ర వెయ్యొద్దు. పెద్దవాళ్ళకి ఒక్కోసారి జ్వరం రాదు కూడా, ఉట్టి వణుకు, మాట తడబాటు, ఉన్నట్టుండి మత్తుగా పడి ఉండడం, అవీ జ్వరం కిందే లెక్క.

నోరు పూస్తే గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో పావు చెంచా వంటసోడా, అందులో సగం ఉప్పు వేసి రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించమను. ఆవకాయ కొన్నాళ్ళు పక్కన పెట్టాలి, ముద్దపప్పు నెయ్యి, మెత్తటి అన్నం, గుడ్డు, రాగి జావ, ఏది లోపలికి పోతే అది, కొంచెం కొంచెంగా. బయట కోసి అమ్మే పళ్ళు వద్దు. కీమో అయిన 48 గంటలు మలమూత్రాలలో మందు ఉంటుంది, మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చెయ్యండి, వాంతి ఎత్తినా బట్టలు ఉతికినా గ్లవ్స్ వేసుకో. కొన్ని మందులకి పాదాలు మొద్దుబారతాయి, అందుకని ఇంట్లో కూడా చెప్పులు. గది అద్దెకు తీసుకునేటప్పుడు అన్నిటికంటే ముందు బాత్రూమ్ చూడు. వెస్టర్న్ కమోడ్, పట్టుకోవడానికి ఏదో ఒకటి, జారని నేల.

ఇక్కడ నర్సులు తమిళంలో అడుగుతారు, అమ్మకి అర్థం కాక అన్నిటికీ తలూపుతుంది. నాలుగు మాటలు నేర్పించు. వలి అంటే నొప్పి, కాయ్చల్ అంటే జ్వరం, వాంది అంటే వాంతి, మయక్కం అంటే కళ్ళు తిరగడం. డాక్టరు అమ్మని అడిగినప్పుడు నువ్వు అందుకుని జవాబు చెప్పకు, ముందు తనని చెప్పనీ, తర్వాత నీ కాగితం తియ్యి.

అమ్మకి ఏ జబ్బో చెప్పలేదని రాశావు. గేటు మీద బోర్డు ఉంటుంది నాన్నా, చుట్టూ జుట్టు ఊడినవాళ్ళు కూర్చుని ఉంటారు. ఒక్కతే లోపల కుమిలిపోవడం కంటే, ఇంటి దగ్గర తన మంచం మీద, నువ్వు చెయ్యి పట్టుకుని చెప్పడం మేలు. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే నాకు ఫోన్ చేసి తనకివ్వు, మిగతాది నేను మాట్లాడతాను.

క్యాన్సర్ పేషెంట్‌కీ తోడు వచ్చే ఒక్కరికీ రైల్లో రాయితీ ఉంది, ఆసుపత్రి సర్టిఫికెట్ కావాలి, వచ్చిన మొదటి రోజే అడిగి తీసుకో. సెంట్రల్‌లో దిగాక మెట్లెక్కించకు, వీల్‌చైర్ అడుగు. నేను బయట ఆటోల దగ్గర ఉంటాను, ప్లాస్కులో జావ తెస్తాను.

మీ పెద్దమ్మ