మ్యాపును ఏటి దిక్కు తిప్పితే అవ్వకు ఊరంతా గుర్తొచ్చింది

వంశవృక్షం తయారు చేయడానికి ఏ యాప్ మంచిది, ముత్తాతకు పైన ఇంకా ఎన్ని తరాలు దొరుకుతాయి అని అడిగారు. యాప్ సంగతి తర్వాత చెప్తాను, అది రెండు మాటల్లో తేలిపోతుంది. మీ ఇంట్లో డెబ్బై దాటిన వాళ్ళు ఎవరైనా ఉంటే ముందు వాళ్ళ దగ్గర కూర్చోండి. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టండి. ఇంతకు మించిన టెక్నాలజీ ఈ పనికి లేదని నేను గట్టిగా చెప్పగలను.

మాది తెలంగాణలో కొల్లాపూర్ దిక్కు. మాకు రెండు ఊళ్ళు. ఇప్పుడు ఇళ్ళున్నది ఒకటి, శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళ కింద ఉన్న పాత ఊరు ఒకటి. 1981లో ఖాళీ చేయించారు. పాలమూరు, కర్నూలు జిల్లాల్లో అప్పుడు నూటికి పైగా ఊళ్ళు పోయాయి. జటప్రోలు మదనగోపాలస్వామి గుడినైతే విప్పి తెచ్చి కొత్త ఊళ్ళో మళ్ళీ కట్టారు. మా ఇళ్ళను అట్లా ఎవరు తెస్తారు? దూలాలు, తలుపులు పీకి బండ్ల మీద వేసుకొచ్చారు. పెట్టెల్లో ఉన్న కాగితాలు ఆ గడబిడలోనే పోయాయి. అందుకే మా ఇంటి చరిత్ర వెతకాలంటే ముందు ఊరిని వెతకాలి.

నేనూ మీలాగే యాప్‌తోనే మొదలుపెట్టాను. యూట్యూబ్‌లో వీడియోలు చూశాను. జనాభా లెక్కల్లో పేరు వెతకండి, చర్చి రిజిస్టర్లు చూడండి అని చెప్తారు. అవి అమెరికా వాళ్ళకు పనికొస్తాయి. మన జనాభా లెక్కల్లో ఇంటింటి వివరాలు 1948 చట్టం ప్రకారం రహస్యం, బయటికి రావు. దేశమంతటికీ ఒకే జనన మరణాల నమోదు చట్టం అమల్లోకి వచ్చిందే 1970లో. మా నాయన పుట్టినతేదీ బడిలో చేర్చుకున్నప్పుడు సారు మనిషిని చూసి వేసింది. ఇవేవీ చెప్పకుండా ఆ వీడియోలనే తెలుగులోకి దించి చెప్పేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. వాళ్ళను నమ్మి ఆరు నెలలు పోగొట్టుకున్నాను. ఆ ఆరు నెలల్లో మా ఊరి పెద్దలు ఇద్దరు పోయారు.

ఇక అసలు సంగతి. మా అవ్వకు, అంటే నాయన తల్లికి, అప్పటికి ఎనభై దాటాయి. చూపు బాగానే ఉంది, చదువు రాదు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ల్యాప్‌టాప్‌ను టీవీకి కలిపి గూగుల్ ఎర్త్ ప్రో తెరిచాను. అది ఉచితమే, పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలను వెనక్కి జరిపి చూడొచ్చు. శ్రీశైలం డ్యామ్ నిండితే మా పాత ఊరు నీళ్ళ కిందే ఉంటుంది. ఎండలు ముదిరేసరికి నీళ్ళు బాగా దిగిపోతాయి, అదే ముంపులో ఉన్న సంగమేశ్వరం గుడి బయటపడేది కూడా అప్పుడే. అందుకని నీళ్ళు తక్కువున్న మే నెల చిత్రం ఒకటి ఎంచుకున్నాను. దాని మీద అమెరికా సైన్యం 1950లలో అచ్చేసిన మన ప్రాంతపు మ్యాపును పరిచాను. టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఆ మ్యాపులు ఉచితంగా ఉన్నాయి, U502 అని వెతికితే దొరుకుతాయి. ఇళ్ళు కనిపించవు గానీ ఊరి పేరు, బండిదారి, ఏటి వంపు తెలుస్తాయి.

అవ్వ చాలాసేపు చూసింది. నేను వేలు పెట్టి ఇది కృష్ణ, ఇది మన ఊరు అని చెప్తున్నాను. ఊఁ అంటోంది గానీ ఆమెకు ఏమీ అందడం లేదని మొహంలో తెలుస్తోంది. ఇక ఆపేద్దామనుకుంటుండగా అంది, "ఏరు కిందికెందుకున్నది రా? బిందె వట్టుకొని ఇంట్లకెల్లి బయటికొస్తే ఏరు ముంగట కనవడాలె గద."

మ్యాపులో ఉత్తరం పైన ఉంటుంది. మా పాత ఊరు కృష్ణకు ఉత్తరపు ఒడ్డున ఉండేది, అందుకే టీవీలో ఏరు కింద పడింది. అవ్వ ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఏటిని అట్లా చూసింది లేదు. మౌస్‌తో మ్యాపును పూర్తిగా తిప్పి దక్షిణాన్ని పైకి తెచ్చాను. నేల మీద నిలబడి చూస్తున్నట్టు కొంచెం వాల్చాను. ఏరు ఎదురుగా వచ్చింది, కుడిచేతి నుంచి ఎడమచేతికి పారుతున్నట్టు.

అవ్వ లేచి టీవీ దగ్గరికి పోయింది. "ఆఁ, ఇగో రేవు. ఈడ యాపచెట్టు. ఈ సందుల కుమ్మరోల్ల ఇండ్లు మూడుంటుండె. దాని పక్కన మీ తాత చిన్నాయన ఇల్లు." గంటన్నర ఆగలేదు. ఇరవై మూడు ఇళ్ళు చెప్పింది. ఏ ఇంటికి ఏ ఊరి నుంచి కోడలు వచ్చింది, ఏ ఇంటి పిల్లను ఏరు దాటించి కర్నూలు దిక్కు ఇచ్చారు, ఎవరి గోడ ఎవరి గోడను ఆనుకొని ఉండేది, అన్నీ. అంతకుముందు ఎన్నిసార్లు "మన పెద్దోళ్ళ పేర్లు చెప్పు అవ్వా" అని అడిగినా నాలుగు పేర్లు చెప్పి ఊరుకునేది.

మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి వేలు అక్కడే ఆగింది. "ఇది మనిల్లు. ఈ అర్రలనే అక్క సచ్చిపోయింది."

అవ్వకు అక్కలు లేరు. ఏ అక్క అని అడిగాను. మెడలో నల్లదారానికి ఉన్న చిన్న వెండి బిళ్ల పట్టుకొని చూపించింది. తాత పోయినప్పుడు పుస్తెలు తీశారు గానీ ఆ బిళ్ల తీయలేదు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, ఎల్లమ్మ బిళ్ల అనుకునేవాణ్ణి. తాతకు అవ్వకంటే ముందు ఒక భార్య ఉండేదట. మొదటి కాన్పులోనే పోయింది, బిడ్డా దక్కలేదు. రెండేళ్ళకు అవ్వను చేసుకున్నప్పుడు చనిపోయిన ఆమె గుర్తుగా ఆ బిళ్ల మెడలో వేశారు. పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య, నాడు మేము పెద్దలకు బియ్యం ఇస్తుంటే అవ్వ లోపల ఇంకో చేటలో వేరుగా బియ్యం పోసేది. అవి ఎవరికని మేమెవరమూ అడగలేదు. మా నాయనకు కూడా తెలియదు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, టీవీ ముందు చాలాసేపు మాట లేకుండా కూర్చున్నాడు.

ఆమె పేరు, పుట్టిన ఊరు, అన్నదమ్ముల పేర్లు అవ్వకు తెలుసు. ఇంకెక్కడా లేవు. రేషన్ కార్డులో గానీ, పట్టాలో గానీ, నేను దించుకున్న ఏ జాబితాలో గానీ ఆమె లేదు. మనం వంశవృక్షమని పెట్టుకునేది కొడుకుల వరస మాత్రమే. తండ్రి, తాత, ముత్తాత పేర్లు పెత్రమాసకు ఎట్లాగూ చదువుతాం. ఎనిమిది తరాల మగ పేర్లు సాధించానని గర్వంగా చెప్పేవాళ్ళకు అమ్మమ్మ తల్లి పేరు తెలియదు. పూర్వం మా ఇళ్ళకు వంశరాజ్‌లు వచ్చి గోత్రాలు, పెద్దల కథలు చెప్పిపోయేవాళ్ళు. వాళ్ళ పాత కులం పేరును జనం తిట్టుగా మార్చేశారు, కాబట్టి ఈ పేరే రాస్తున్నాను. వాళ్ళు ఇప్పటికీ మీ ఊరికి వస్తుంటే వీడియో తీసుకోండి, సంభావన మంచిగా ఇవ్వండి. కానీ మా దగ్గర వాళ్ళు చెప్పేది కూడా మగవాళ్ళ వరసే. ఆడవాళ్ళ సంగతులు ఆడవాళ్ళ దగ్గరే ఉంటాయి.

పైతరాలు కావాలన్నారు కాబట్టి కాగితాల గురించి కూడా చెప్పాలి. మన తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఆనాటి భూమి రికార్డు, ముఖ్యం. మాకు దొరికిన నకలు ఉర్దూ చేతిరాతలో ఉంది. ఫోన్ కెమెరాతో అనువాదం చేయిస్తే మనుషుల పేర్లకు కూడా అర్థాలు చెప్పడం మొదలుపెట్టింది. చివరికి రిటైరైన ఉర్దూ సారు ఒకాయన అరగంటలో చదివిపెట్టారు. ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు, సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు అన్నీ వచ్చాయి. పాత రెవెన్యూ లెక్కల్లో వాడే ఫసలీ సంవత్సరం కనిపిస్తే 590 కలపండి, 1364 ఫసలీ అంటే 1954-55. సర్కారు భూమి రికార్డుల వెబ్‌సైట్లలో, అంటే మొన్నటి ధరణిలో, ఇప్పటి భూభారతిలో తాతల పేర్లు వెతుకుతూ కూర్చోకండి, అవి ఇప్పుడు భూమి ఎవరిదో చెప్పేవి. ముంపు ఊళ్ళవాళ్ళయితే భూసేకరణ అవార్డు, అంటే భూములు తీసుకున్నప్పటి సర్కారు ఉత్తర్వు, కాపీ అడగండి, ఎవరి భూమి ఎంత పోయిందో అందులో పేరుపేరునా ఉంటుంది. మా చిన్నాయన ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిచ్చే 1986 నాటి 98 జీవో కింద ఉద్యోగం కోసం ఆ కాపీ పట్టుకొని ఒక కార్యాలయం చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగాడు. ఫైలు లేదన్నారు. మా దగ్గర ఇప్పుడున్నది ఆయన ఆనాడు దాచుకున్న జిరాక్సే. దాన్ని స్కాన్ చేసి మూడు చోట్ల పెట్టాను.

ఇంకో మాట. పాత ఫొటోలకు ఏఐతో రంగులు వేయకండి, చనిపోయినవాళ్ళ కళ్ళు కదిలించకండి. మా తమ్ముడు తాత పెళ్ళి ఫొటోకు రంగు వేస్తే అవ్వ చీర ఊదా రంగులోకి వచ్చింది. అది ఎర్ర చీర. అవ్వ ఉంది కాబట్టి దిద్దింది, ముప్పై ఏళ్ళ తర్వాత ఊదా రంగే నిజమైపోతుంది. స్కాన్ చేసిన అసలు ఫొటోను అట్లాగే ఉంచండి, ఫైలు పేరులో అందులో ఉన్నవాళ్ళ పేర్లు తెలుగులోనే రాయండి. ఇంగ్లీషులో మా ఇంటిపేరునే మా ఇంట్లో నాలుగు రకాలుగా రాస్తున్నారు.

యాప్ అడిగారు కదా. కంప్యూటర్ ఉంటే గ్రాంప్స్ అనే వంశవృక్షం ప్రోగ్రామ్ వాడండి. ఉచితం, తెలుగు అక్షరాలు తీసుకుంటుంది, వివరాలు మీ దగ్గరే ఉంటాయి. ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్ కూడా ఉచితమే గానీ చనిపోయినవాళ్ళ వివరాలు అందులో అందరికీ కనిపిస్తాయి, వేరేవాళ్ళు మార్చనూ వచ్చు. ఏది వాడినా వంశవృక్షం ప్రోగ్రాములు చదవగలిగే గెడ్‌కామ్ ఫైలుగా ఒక కాపీ దించిపెట్టుకోండి.

తరువాతి ఎండాకాలం నీళ్ళు దిగినప్పుడు, అవ్వ చూపించిన చోటును ఫోన్‌లో గుర్తు పెట్టుకొని నాయనా నేనూ అక్కడికి నడిచిపోయాం. నెర్రెలిచ్చిన ఒండ్రుమట్టి, అక్కడక్కడా పునాది రాళ్ళు. నేలలో పాతిన ఒక రోలు కనిపిస్తే ఫొటో తీసి తెచ్చాం. అవ్వ చూసి, "ఇది మనది గాదు, మనదానికి అంచు పలిగి ఉంటుండె" అంది. ఆ రోలు ఎవరిదో మాకు ఇంకా తెలియలేదు. అది దొరికింది రేవుకు పోయే దారిలో వేపచెట్టు దాటాక ఎడమచేతి రెండో ఇంటి చోట. అవ్వ చెప్పిన ఇరవై మూడింటిలో ఆ ఇల్లు లేదు. కొల్లాపూర్ దిక్కు ముంపు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, మీ ఇంట్లో పెద్దవాళ్ళను ఒకసారి అడగండి. మ్యాపు పంపిస్తాను, దక్షిణం పైకి ఉన్నదే.