హాఫ్‌గా ఆడే పిల్లవాడిని ఫార్వర్డ్‌కు మార్చాలా?

జిల్లా హాకీ జట్టులో హాఫ్‌గా, అంటే మధ్య వరుసలో మిడ్‌ఫీల్డర్‌గా ఆడుతున్న మీ అబ్బాయికి గోల్స్ రావడం లేదని, ముందు వరుసలో దాడి చేసే ఫార్వర్డ్‌కు మార్చమని కోచ్‌ను అడగవచ్చా అని, అసలు హాకీలో మిడ్‌ఫీల్డర్‌కు అంతర్జాతీయ స్థాయిలో భవిష్యత్తు ఉంటుందా అని అడిగారు. విశ్వవిద్యాలయ జట్టుకు సెంటర్ హాఫ్‌గా ఆడి, ప్రస్తుతం హైదరాబాద్‌లో పిల్లలకు ఆట నేర్పుతున్న అనుభవంతో చెబుతున్నాను: గోల్స్ రావడం లేదన్న ఒక్క కారణంతో మార్చమని అడగకండి.

హాఫ్‌గానే ఆడిన భారత మాజీ కెప్టెన్ సర్దార్ సింగ్ కెరీర్‌నే తీసుకోండి. హర్యానాలోని సిర్సా జిల్లాకు చెందిన ఆయన 2006లో భారత సీనియర్ జట్టులోకి వచ్చి, 2018 సెప్టెంబరులో విరమించేనాటికి 300కు పైగా మ్యాచ్‌లు ఆడారు. అన్ని మ్యాచ్‌లకు ఆయన గోల్స్ చాలా తక్కువ. అయినా అంతర్జాతీయ హాకీ సమాఖ్య 2010లోనూ 2011లోనూ ఆయనను ప్రపంచ ఆల్ స్టార్ జట్టుకు ఎంపిక చేసింది. హాకీ ఇండియా లీగ్ తొలి వేలంలో ఢిల్లీ వేవ్‌రైడర్స్ 78,000 డాలర్లకు తీసుకోగా, అందరికంటే ఎక్కువ ధర పలికినది ఆయనే. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల ఫైనల్లో పాకిస్తాన్‌తో స్కోరు 1-1గా నిలిచినప్పుడు మన గోల్ చేసినది కోథాజిత్ సింగ్, షూటౌట్‌లో కాపాడినది గోల్‌కీపర్ శ్రీజేష్, 16 ఏళ్ల తరువాత స్వర్ణం తెచ్చిన ఆ జట్టుకు కెప్టెన్ మాత్రం సర్దార్. స్కోరు కార్డు చూసి హాఫ్ ఆటను అంచనా వేయలేమనడానికి నేను మా పిల్లలకు చెప్పే ఉదాహరణ ఇదే.

మరి దేనిని చూడాలి? బంతి అందుకునే తీరును చూడాలి. సర్దార్ బంతి తన దగ్గరకు వస్తుండగానే భుజం మీదుగా వెనుక ఎవరున్నారో చూసుకుని, పక్కకు తిరిగి నిలబడి ట్రాప్ చేసేవారు, అంటే స్టిక్‌తో బంతిని ఆపేవారు. అందువల్ల ట్రాప్ పూర్తయ్యేసరికే ముఖం ప్రత్యర్థి గోల్ వైపు ఉండేది, ఎదుటివాడు ట్యాకిల్‌కు స్టిక్ చాపేలోపు పాస్ వెళ్లిపోయేది. మేము ఆడిన మట్టి మైదానాలలో బంతి ఎటు ఎగురుతుందో తెలియదు కనుక, ట్రాప్ అయ్యేవరకు చూపు తిప్పే వీలుండేది కాదు. కృత్రిమ గడ్డి పరిచిన టర్ఫ్ మీద నేర్చుకునే పిల్లలకు ఆ ఇబ్బంది లేదు. అయినా చాలామంది బంతిని ఆపిన తరువాతే తల ఎత్తుతారు, అప్పటికి ఇద్దరు మీద పడతారు.

కష్టం లేదని చెప్పను. అటు దాడిలోనూ ఇటు రక్షణలోనూ పరుగెత్తవలసినవాడు హాఫే. 35 నిమిషాల చొప్పున రెండు సగాలుగా సాగిన ఆట 15 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లకు మారాక వేగం ఇంకా పెరిగింది. సర్దార్‌కు కూడా 2018 కామన్వెల్త్ క్రీడల జట్టులో చోటు దక్కలేదు. తిరిగి వచ్చి నెదర్లాండ్స్‌లోని బ్రెడాలో ఛాంపియన్స్ ట్రోఫీ రజతం, జకార్తా ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్లలో ఆడి, 32 ఏళ్లకు ఆట ముగించారు. జీవనాధారం గురించి కూడా మీకు దిగులుండవచ్చు. ఆయనకు హర్యానా పోలీసు శాఖలో డీఎస్పీ ఉద్యోగం వచ్చింది. అయితే అంత పెద్ద ఉద్యోగం అందరికీ రాదు, క్రీడల కోటాలో చిన్న ఉద్యోగాలకు కూడా పోటీ గట్టిగానే ఉంటుంది.

వచ్చే మ్యాచ్‌లో బంతిని వదిలేసి మీ అబ్బాయిని మాత్రమే చూడండి. బంతి రాకముందే తల తిప్పి చుట్టూ చూస్తున్నాడా, పాస్ ఇచ్చాక నిలబడిపోకుండా ఖాళీలోకి కదులుతున్నాడా అన్నది గమనించండి. ఈ రెండూ ఉంటే అక్కడే ఆడనివ్వండి. లేకపోతే స్థానం మార్చే ముందు ఏడాది పాటు ఇవే నేర్పమని కోచ్‌ను అడగండి, ఎందుకంటే ఫార్వర్డ్‌గా ఆడినా డీలో (గోల్ ముందుండే అర్ధవృత్తంలో) ఇవి కావలసిందే.