పీసీఓఎస్ మందులు వాడుతూ పిల్లల కోసం ప్రయత్నించవచ్చా?

పీసీఓఎస్‌కు (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) మెట్‌ఫార్మిన్, గడ్డం మీద వెంట్రుకలకు స్పైరనోలాక్టోన్ వాడుతున్నాననీ, పిల్లలు కావాలనుకుంటున్నాం కాబట్టి రెండూ ఒకేసారి ఆపేయనా అనీ అడిగారు. నేనూ ఈ రెండూ వాడినదాన్నే. వీటిని ఒకే గాటన కట్టకండి.

ముందు ఆపాల్సింది స్పైరనోలాక్టోన్. అది మగ హార్మోన్ల పనిని అడ్డుకుంటుంది, వెంట్రుకలు తగ్గేది అందుకే. కడుపులో మగబిడ్డ ఉంటే జననాంగాల ఎదుగుదలకూ అడ్డుపడే ప్రమాదం ఉంది. కాబట్టి డాక్టర్‌తో మాట్లాడి దీన్ని మానేశాకే గర్భనిరోధకం ఆపండి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మింగుతుంటే మరీ జాగ్రత్త. దానితో బిడ్డకు తీవ్రమైన లోపాలు రావచ్చు, మానేశాక కనీసం నెల రోజులు ఆగాలి.

పీరియడ్సే సరిగా రావట్లేదు, గర్భం ఎక్కడొస్తుందిలే అని ధీమాగా ఉండొద్దు. మెట్‌ఫార్మిన్‌తో ఇన్సులిన్ అదుపులోకి వచ్చేకొద్దీ అండం మళ్లీ విడుదల కావచ్చు. అండం విడుదలయ్యాకే కదా పీరియడ్ వచ్చేది! అంటే ఆగిపోయిన పీరియడ్ తిరిగి కనిపించకముందే గర్భం రావచ్చు.

మెట్‌ఫార్మిన్‌ను మాత్రం కంగారుపడి ఆపకండి. దానివల్ల పుట్టుక లోపాలు పెరుగుతాయని తేలలేదు. గర్భం వచ్చాక కొనసాగించాలా వద్దా అన్నది మీ షుగర్‌ని బట్టి డాక్టర్ చెబుతారు. మొదట్లో నాకు కడుపులో తిప్పేది. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, భోజనంతో పాటు వేసుకుంటూ వచ్చాక సర్దుకుంది. ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గొచ్చు, ఆ టెస్ట్ అడిగి చేయించుకోండి.

అండం కోసం లెట్రోజోల్ రాస్తే, అది రొమ్ము క్యాన్సర్ మందని చదివి టెన్షన్ పడకండి. నేనూ భయపడ్డాను. ఈస్ట్రోజెన్‌ను కొన్నాళ్లు తగ్గించి, అండం పెరగడానికి కావలసిన హార్మోన్‌ను మెదడు ఎక్కువగా పంపేలా చేయడమే దాని పని. పీసీఓఎస్ ఉన్న 750 మంది మీద జరిగి 2014లో వెలువడిన పరిశోధనలో అండం విడుదలకే ఇచ్చే మరో మందు క్లోమిఫిన్ కంటే దీనితోనే ఎక్కువమందికి పిల్లలు పుట్టారు. అయితే గర్భం లేదని టెస్ట్‌లో తేలాకే మొదలుపెట్టాలి.

ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు ఇప్పటినుంచే వేసుకోండి. షుగర్ ఉంటే ఇంకా ఎక్కువ మోతాదు ఇస్తారు.

నాకు స్కిన్ డాక్టర్ వేరు, గైనకాలజిస్ట్ వేరు. ఒకరు రాసింది ఇంకొకరికి తెలిసేది కాదు. మందులన్నీ ఒకే కాగితం మీద రాసి ఇద్దరికీ చూపించాను, మీరూ అలా చేయండి. స్పైరనోలాక్టోన్ వాడుతుండగానే గర్భం వస్తే ఆ మందు మానేసి అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేయండి. బిడ్డకు ఏదో అయిపోయిందని మీకు మీరే తీర్మానించుకోకండి.