ముందు ఆ క్వెస్టు ఆపు తల్లీ

చిట్టితల్లీ,

నిన్న అక్క ఫోన్ చేసింది. ఇంటి సంగతులన్నీ అయ్యాక, పెట్టేసే ముందు, "నీ మేనకోడలు నీ పాత ఆటలోకి దూరిందిరా. డబ్బు కట్టకుండానే మనుషులతో కొట్లాడతానంటోంది. నువ్వే చెప్పు దానికి" అంది. పైకి సరేలే అన్నాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు. అందులో సగం భయం. మిగతా సగం ఏమిటో చెబితే మీ అమ్మ నన్ను తిడుతుంది.

ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆటలో ఫ్రీ అకౌంటు, తక్కువ లెవెల్ ప్యూర్ (డిఫెన్స్ పెంచకుండా దెబ్బ బలమే పెంచుకున్న పాత్ర), వైల్డర్‌నెస్‌లో, అంటే ఆటగాళ్లు ఒకరినొకరు చంపుకోగల చోట, పీకే. అంతేగా నీ ప్లాను? పీకే అంటే ప్లేయర్ కిల్లర్ అని అప్పట్లో మీ తాతయ్యకి ఎంత చెప్పినా "ఇంతకీ అక్కడ ఏం పీకుతున్నావురా" అనేవారు. ఆయనకి ఆట గురించి ముక్క తెలీదు. ప్రశ్న మాత్రం సరైనదే అడిగారు.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తా. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకు, ఆథెంటికేటర్ పెట్టుకో. పోతే ఏడుపొచ్చే వస్తువేదీ డిచ్ (వైల్డర్‌నెస్ అంచున ఉన్న కందకం) దాటించకు. నీ కవచానికి అంచు కట్టిస్తా, నీ కాయిన్లు రెట్టింపు చేసిస్తా అని వచ్చినవాడు దొంగ. ముందుగా నువ్వే కొడితే నెత్తిన పుర్రె గుర్తు పడుతుంది, ఇరవై నిమిషాలు పోదు, ఆ టైములో చస్తే దాదాపు అంతా పోతుంది. పుర్రె లేకపోతే మూడు వస్తువులు మిగులుతాయి. ఆ పుర్రె పొరపాటున పడకుండా సెట్టింగ్స్‌లో ఓ ఆప్షన్ ఉంది, వెతుక్కో.

ఇక మంచి సంగతి. ఇది ముందు చెప్పకపోతే మావయ్య భయపెడుతున్నాడంటావు. ఫ్రీ వరల్డ్‌లో అందరి చేతుల్లోనూ అవే నాలుగు సామాన్లు: రూన్ సిమిటార్, మేపుల్ షార్ట్‌బో, రూన్ టూ-హ్యాండర్, ఓ స్ట్రెంత్ పోషన్. తిండికి స్వోర్డ్‌ఫిష్. డబ్బు కట్టినవాళ్ల వరల్డ్‌లో స్పెషల్ అటాక్‌లు, మంచుతో కట్టిపడేసే మంత్రాలు ఉంటాయి. అక్కడ ఎవడి దగ్గర ఏ కత్తి ఉందన్నదానితోనే సగం కొట్లాట తేలిపోతుంది. ఇక్కడ ఆ సాకు లేదు, చెయ్యే తేల్చాలి.

ఆ చెయ్యి ఎలా పని చేస్తుందో ఒక్కటి చెబుతా, మిగతాది నువ్వే కనిపెట్టుకో. షార్ట్‌బోని ర్యాపిడ్‌లో పెడితే 1.8 సెకన్లకో బాణం. టూ-హ్యాండర్ 4.2 సెకన్లకో దెబ్బ. అయితే తర్వాతి దెబ్బకి ఎంతసేపు ఆగాలన్నది, ఇందాక కొట్టిన ఆయుధాన్ని బట్టి ఉంటుంది. బాణం వదిలి వెంటనే కత్తి మార్చావనుకో, ఆ బరువైన దెబ్బ 1.8 సెకన్లకే పడుతుంది. ఎదుటివాడికి తినాలా కొట్టాలా అని ఆలోచించే తీరిక ఉండదు. స్వోర్డ్‌ఫిష్ తింటే పోయిన ప్రాణంలో 14 పాయింట్లు తిరిగొస్తాయి గానీ, తిన్నందుకు వాడి తర్వాతి దెబ్బ మూడు టిక్కులు వెనక్కి పోతుంది. టిక్కంటే 0.6 సెకను. ఎప్పుడు తినకూడదో తెలిసినవాడే గెలుస్తాడు. ఇది మొదటిసారి నా చేతికి దొరికిన రోజు అర్ధరాత్రి కుర్చీలోంచి లేచి గెంతాను. మీ అమ్మ దొంగ వచ్చాడనుకుని చీపురు పట్టుకొచ్చింది.

ఇక చెడు. ఆడేకొద్దీ ఇదే నిన్ను తరిమేస్తుంది. మనిషిని కొట్టినా ఎక్స్‌పీ (లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు) వస్తుంది, కొట్టిన ప్రతి దెబ్బకీ హిట్‌పాయింట్స్, అంటే ప్రాణం, కూడా పెరుగుతాయి. నీకు నచ్చిన లెవెల్లో ఎక్కువ కాలం ఉండలేవు. వైల్డర్‌నెస్ అయిదో లెవెల్లో నీ కంబాట్ లెవెల్ (కొట్లాట నైపుణ్యాలన్నీ కలిపిన లెక్క) కంటే అయిదు తక్కువ నుంచి అయిదు ఎక్కువ వరకూ ఎవరైనా నీ మీద పడొచ్చు. నువ్వు 45 అయితే 40 నుంచి 50 దాకా. లోపలికి పోయేకొద్దీ ఆ గీత సాగుతుంది, వైల్డర్‌నెస్ లెవెల్ 20 దాటాక మామూలు టెలిపోర్ట్ పనిచేయదు. ఇంకోటి, ఫ్రీ అకౌంట్ కాబట్టి పోయినా బాధ లేదనుకునేవాళ్లే అక్కడ ఎక్కువ. ఓడితే బూతులు తిట్టి ఇంకో అకౌంటు తీస్తారు. నోటితో జవాబివ్వకు, చాట్ ఆపెయ్.

సరే, అసలు విషయానికొస్తా. అక్క ఇంకో మాట కూడా అంది: "క్వెస్టులు చకచకా చేసేస్తోందట, ఏదో డ్రాగన్ దాకా వచ్చిందట." ఆ మాటకే నాకు నిద్ర పోయింది.

2006లో నాకో ప్యూర్ ఉండేది. అటాక్ 40, స్ట్రెంత్ 60, హిట్‌పాయింట్స్ 50, డిఫెన్స్ 1. కంబాట్ 45. ఆ ఒకటిని కాపాడుకోవడానికి పడ్డ పాట్లు నీకేం తెలుసు. ఆయుధం మార్చినప్పుడల్లా ఏ స్టైల్‌లో ఉందో రెండుసార్లు చూసుకునేవాణ్ణి. సిమిటార్‌కి మూడో స్టైలూ నాలుగో స్టైలూ డిఫెన్స్‌కి ఎక్స్‌పీ పోస్తాయి, అందుకని ఆ రెండు బొమ్మల వైపు మౌస్ కూడా పోనిచ్చేవాణ్ణి కాదు. నీళ్ల కుండ నెత్తిన పెట్టుకుని నడిచినట్టు నెలల తరబడి ఆడాను.

మా బ్యాచ్‌లో మిగతావాళ్లందరూ డ్రాగన్ స్లేయర్ అనే క్వెస్టు (ఆటలో అప్పగించే సాహసం) చేసేశారు. దాంతో దక్కే రూన్ ప్లేట్‌బాడీ కవచాలు వేసుకుని బ్యాంకు ముందు నిలబడేవాళ్లు. ఒకడు "వీడు మనుషుల్నైతే కొడతాడు, డ్రాగన్‌ని చూస్తే పోసుకుంటాడు" అన్నాడు. అంతే. ఆ రాత్రే మొదలుపెట్టాను. మ్యాప్ ముక్కలు మూడూ తెచ్చాను, రెండు వేల కాయిన్లు పెట్టి ఓడ కొన్నాను, డ్యూక్ దగ్గర మంట ఆపే షీల్డ్ అడిగి తెచ్చుకున్నాను. క్రాండోర్ దీవిలో ఎల్వార్గ్ అనే ఆ డ్రాగన్ దగ్గరికి వెళ్లేసరికి లాబ్‌స్టర్లు తప్ప బ్యాగులో ఇంకేమీ లేవు. డిఫెన్స్ ఒకటి ఉన్నవాడికి ఆ గోళ్ల దెబ్బలు ఎలా పడతాయో చూడాలి! ఆఖరి లాబ్‌స్టర్ తిన్నాక ఇంకో మూడు దెబ్బలు కొట్టాను. అది కూలింది. తల నరికి తెచ్చి, ఆ క్వెస్టు ఇచ్చిన ఓజియాక్‌కి చూపించాను.

స్క్రీన్ మీద ఆ కాగితం విచ్చుకుంది. స్ట్రెంత్‌కి 18,650 ఎక్స్‌పీ. దాని కిందే, డిఫెన్స్‌కి 18,650. బాణసంచా లాంటిది నా నెత్తి మీద పేలింది, డిఫెన్స్ లెవెల్ పెరిగిందని. ఒకటి నుంచి ఒకేసారి ముప్ఫై మూడు. కాదనడానికి ఎక్కడా బటన్ లేదు. వెనక్కి తీసుకోడానికీ లేదు.

కంబాట్ 45 కాస్తా 53 అయింది. స్ట్రెంత్ మాత్రం అదే 60, ఆ ఎక్స్‌పీ ఇంకో లెవెల్‌కి కూడా చాల్లేదు. అదే 53 దగ్గర నిఖార్సైన ప్యూర్‌కి స్ట్రెంత్ 75, హిట్‌పాయింట్స్ 64 ఉంటాయి. వాడు రెండు దెబ్బలేస్తే నా పని సరి. ఇంకో సంగతి విను, నవ్వకు. దేనికోసం ఇంత చేశానో ఆ రూన్ ప్లేట్‌బాడీ తొడుక్కోవాలంటే డిఫెన్స్ 40 ఉండాలి. నాకున్నది 33. ఇటు ప్యూర్‌నీ కాదు, అటు కవచమూ ఎక్కదు. నన్ను అన్నవాడే పక్కన నిలబడి చూస్తున్నాడు. చాట్‌లో ఏం రాయాలో వాడికీ తోచలేదు పాపం.

ఆ తర్వాత ఆ అకౌంటుతో డిచ్ దాటింది రెండుసార్లో మూడుసార్లో. 2007 డిసెంబరు 10న ఆట చేసినవాళ్లు వైల్డర్‌నెస్‌లో కొట్లాటలే తీసేశారు, ఆటలో డబ్బుని బయట అమ్ముకునేవాళ్లని అరికట్టడానికి. ఊళ్లో అందరూ గగ్గోలు పెట్టారు. నేను మాత్రం, సిగ్గు విడిచి చెబుతున్నా, కాస్త ఊపిరి పీల్చుకున్నాను. 2011 ఫిబ్రవరి 1న తిరిగి పెట్టారు గానీ అప్పటికి నా ఉద్యోగం, నా గొడవలు నావి.

నువ్వు ఎవడి చేతిలోనో చచ్చి, కత్తి పోగొట్టుకుని ఏడిస్తే నాకు బాధ లేదు. కత్తి మళ్లీ కొనుక్కోవచ్చు. ఎవడో ఓ మాటన్నాడని, నెలల కష్టం ఒక్క రాత్రి నీ చేత్తోనే పాడు చేసుకుంటావేమోనని నా భయం. మన ఇంటి రక్తం కదా, పౌరుషం ఎక్కువ. మీ అమ్మని అడుగు, ఆవిడ కథలు నా దగ్గర చాలా ఉన్నాయి.

అందుకని, నీ పుణ్యం ఉంటుంది, ఏ క్వెస్టు మొదలుపెట్టే ముందైనా చివర ఏమిస్తారో చదువు. ప్రేయర్ అనే నైపుణ్యం కూడా ఊరికే పెంచకు, ఎనిమిది లెవెల్స్‌కి ఓ కంబాట్ లెవెల్ తినేస్తుంది. 25 దాకా పెంచితే చచ్చినా ఇంకో వస్తువు నిలుస్తుంది, అది నీ ఇష్టం, లెక్క వేసుకో. తిడుతున్నాననుకోకు. నీ వయసులో నాకు ఇలా రాసేవాళ్లు లేరు.

2013 ఫిబ్రవరి 22న ఈ ఓల్డ్ స్కూల్ వచ్చినప్పుడు, 2007 ఆగస్టు నాటి ఆటని మళ్లీ తెరిచి అందరినీ మూడో లెవెల్ నుంచి మొదలుపెట్టమన్నారు. నేనూ మొదలుపెట్టాను. మీ అత్తకి కూడా చెప్పలేదు. అటాక్ 40, స్ట్రెంత్ 60, డిఫెన్స్ 1. ఇవాళ పొద్దున లాగిన్ అయ్యి చూశాను, ఇంకా ఒకటే ఉంది.

ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఎడ్జ్‌విల్ బ్యాంకు దగ్గర ఉంటా. స్వోర్డ్‌ఫిష్ నేను తెస్తా. అంతవరకు ఓజియాక్ ఇంటి ఛాయలకి వెళ్లకు. ఇప్పటికే వెళ్లి ఉంటే రాత్రైనా సరే ఫోన్ చెయ్, తిట్టను.

మీ మావయ్య