పాఠకుల ప్రశ్నలు: ఒకరు వాడిన రైలుపెట్టెలు మరొకరి దారికి సరిపోతాయా?

ప్రశ్న: పెద్ద నగరాలు వాడి తీసేసిన రైలుపెట్టెలను కొని నడుపుకొనే చిన్న చిన్న రైలుమార్గాలు ఉన్నాయని ఈమధ్య చదివాను. కొత్తవి కొనే స్తోమత లేకపోవడమే దీనికి కారణమా? ఒకచోట పనికిరావని పక్కన పెట్టినవి ఇంకొకచోట ఎలా పనికివస్తాయి?

జవాబు: స్తోమత ఒక కారణమే. పది పన్నెండు పెట్టెల కోసం ఏ కర్మాగారానికి ఆర్డరు పెట్టినా నమూనా గీయడానికి, పరీక్షలకు, అనుమతులకు అయ్యే ఖర్చంతా ఆ కొద్ది పెట్టెల మీదే పడుతుంది కనుక చిన్న మార్గానికి కొత్త పెట్టె పెద్ద నగరానికి పడినదానికంటే ఎక్కువ ధరకు వస్తుంది. ఇక పనికిరాకపోవడం సంగతి. నగర రైల్వేలు సాధారణంగా పెట్టెలను ఒక్కొక్కటిగా మార్చవు. సిగ్నలింగ్ మారిందనో, రద్దీ పెరిగిందనో ఒక మార్గంలోని రైళ్లన్నిటినీ ఒకేసారి మారుస్తాయి. అలా బయటికి వచ్చిన వాటిలో ఇంకా ఎంతోకాలం నడవగలిగినవి చాలానే ఉంటాయి.

అయితే డబ్బు కంటే కొలతలే నిర్ణయించిన సందర్భం ఒకటి ఉంది. ఇంగ్లండ్ దక్షిణ తీరానికి ఎదురుగా ఉన్న ఐల్ ఆఫ్ వైట్ ద్వీపంలో రైడ్ రేవు నుంచి షాంక్లిన్ వరకు సుమారు 14 కిలోమీటర్ల రైలుమార్గం ఉంది. రైడ్ దగ్గర ఒక సొరంగం ఉంది. అందులోకి నీరు చేరుతూ ఉండడంతో 1967లో మార్గాన్ని విద్యుదీకరించినప్పుడు పట్టాల మట్టాన్ని ఎత్తు చేశారు. నేల పైకి లేచింది, కప్పు ఉన్నచోటే ఉంది. దాంతో మామూలు ఎత్తున్న రైలు ఆ సొరంగంలో పట్టదు. అప్పుడు లండన్ భూగర్భ రైల్వే వైపు చూశారు. అక్కడి లోతైన గుండ్రటి సొరంగాల కోసం చేసిన పెట్టెలు పొట్టివి, పట్టాల వెడల్పు రెండుచోట్లా ఒకటే. 1923 నుంచి 1934 వరకు తయారైన పెట్టెలను తెచ్చి నాలుగు పెట్టెల రైళ్లుగా, మూడు పెట్టెల రైళ్లుగా కూర్చారు. నాలుగు పెట్టెల రైలుకు ‘వెక్’ అని, మూడింటి రైలుకు ‘టిస్’ అని సంకేతాలు పెట్టారు. రెండూ కలిస్తే ‘వెక్టిస్’, అంటే ఆ ద్వీపానికి రోమనులు పెట్టిన పేరు. రైల్వే కాగితాల్లో ఇంతటి సరసం అరుదు.

ఆ పెట్టెలు ముసలివయ్యాక, 1989లో మళ్లీ లండన్ నుంచే 1938 నమూనా పెట్టెలను తెచ్చారు. వచ్చేనాటికే వాటికి యాభై ఏళ్లు. అవి 2021 జనవరి దాకా నడిచి, విశ్రాంతి తీసుకొనే నాటికి ఎనభై ఏళ్లు దాటాయి. బ్రిటన్ జాతీయ రైలు వ్యవస్థలో రోజువారీ ప్రయాణికులను మోస్తున్న రైళ్లలో అప్పటికి అవే అన్నిటికంటే పాతవి. కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఇది: అవి చవకగా వచ్చాయని కాదు, ఆ సొరంగంలో పట్టాయని వచ్చాయి.

ప్రశ్న: పట్టాల వెడల్పు, విద్యుత్తు వేరైతే బోగీలను మార్చుకొని వాడుకోవచ్చా?

జవాబు: మీరు తెలిసి అడిగారో తెలియక అడిగారో గాని, ‘బోగీలను మార్చుకోవడం’ అన్నది అక్షరాలా సరైన మాట. మనం వాడుకలో పెట్టె మొత్తాన్ని బోగీ అంటాం. వర్క్‌షాపులో మాత్రం బోగీ అంటే పెట్టె కింద ఇరుసులు, చక్రాలు, స్ప్రింగులు అమర్చిన చట్రం. పెట్టెను జాకీలతో పైకి లేపితే ఆ చట్రం విడిగా బయటికి వస్తుంది. ఇంకొక వెడల్పుకు తగిన చట్రం కింద పెట్టి దించితే అదే పెట్టె వేరే పట్టాల మీద నడుస్తుంది.

దీనికి మంచి ఉదాహరణ జపాన్‌లో ఉంది. టోక్యోలోని కెయో రైల్వే ప్రధాన మార్గంలో పట్టాల వెడల్పు 1372 మిల్లీమీటర్లు. ఆ మార్గంలో తిరిగిన పెట్టెలు కొన్ని ఆ పని అయ్యాక మత్సుయామా నగరపు ఇయో రైల్వేకు చేరాయి. అక్కడ వెడల్పు 1067 మిల్లీమీటర్లు, కనుక వాటికి వేరే బోగీలు అమర్చారు. అక్కడా వాడుక ముగిశాక వాటిలో కొన్నింటిని చిబా ప్రాంతంలో 6.4 కిలోమీటర్లు, పది స్టేషన్లు మాత్రమే ఉన్న చోషీ విద్యుత్ రైల్వే తీసుకొని 2010లో నడపడం మొదలుపెట్టింది. మూడో చేతికి వచ్చిన పెట్టెలన్నమాట. మరమ్మతుల డబ్బు కోసం సోయా సాస్‌లో ముంచిన బియ్యపు బిస్కెట్లు అమ్ముకొంటూ నెట్టుకొచ్చిన సంస్థ అది. కొత్త రైలు కొనడం దాని ఊహకు కూడా అందేది కాదు.

విద్యుత్తు సంగతి ఇంత తేలిక కాదు. కెయో మార్గంలో 1500 వోల్టులు, చోషీలో 600 వోల్టులు. అలాంటి తేడా ఉన్నచోట మోటార్ల అమరిక, నియంత్రణ పరికరాలు, దీపాలకూ బ్రేకులకూ కరెంటిచ్చే పరికరాలు అన్నీ మళ్లీ చూసుకోవాలి. వోల్టులు దగ్గరగా ఉన్నా పేచీ రావచ్చు. లండన్ భూగర్భ రైళ్లు రెండు అదనపు పట్టాల నుంచి కరెంటు తీసుకొంటాయి, ఒకటి పక్కన, ఒకటి మధ్యలో. ఐల్ ఆఫ్ వైట్‌లో పక్కనున్న మూడో పట్టా ఒక్కటే ఉంది, తిరుగు కరెంటు నడిచే పట్టాల గుండానే పోతుంది. ఆ ఒక్క తేడా కోసమే ప్రతి పెట్టె వైరింగునూ మార్చవలసి వచ్చింది.

ప్రశ్న: అమెరికాలో ఒక మార్గానికి పెట్టెకు ఒక్క డాలరు చొప్పున అమ్మారని విన్నాను. ఇది నిజమేనా? నిజమైతే ఇంతకంటే లాభసాటి బేరం ఏముంది?

జవాబు: నిజమే. టెన్నెసీ రాష్ట్రంలో లెబనాన్ నుంచి నాష్‌విల్ వరకు 32 మైళ్ల మార్గం 2006 సెప్టెంబరు 18న మొదలైంది. దానికి కావలసిన రెండంతస్తుల పెట్టెలను చికాగోలోని మెట్రా సంస్థ పెట్టె ఒక డాలరుకు ఇచ్చింది. ఇంజన్లు కూడా అమెరికా జాతీయ ప్రయాణికుల రైలు సంస్థ ఆమ్‌ట్రాక్ వాడి తీసేసినవే. ఆ పెట్టెల్లో పై అంతస్తు మధ్యభాగం ఖాళీగా ఉండి, సీట్లు రెండు పక్కల అటకల్లా ఉంటాయి కాబట్టి, టికెట్ కలెక్టరు మెట్లెక్కకుండా కింది నడవలో నిలబడే చేయి చాచి పైవాళ్ల టికెట్లు చూడగలడు. ఇంత తెలివైన ఏర్పాటు డాలరుకు దొరకడం అదృష్టమే.

కాని డాలరు అన్నది పెట్టె ధర, రైలు ధర కాదు. పాతవి కొని ఎంత పొదుపు చేసినా ఆ మార్గం మొదలుకావడానికి సుమారు 4.1 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. పాత పెట్టె కొనేవారు బేరం ఆడే ముందు దాని కిందికి దూరి చూడాలని నేనంటాను. పైన రంగు నిగనిగలాడుతుండవచ్చు; గుమ్మాల కింద, కిటికీల దిగువ, వాననీరు నిలిచే మూలల్లో ఉక్కు తుప్పు పట్టి రేకులు రేకులుగా ఊడుతుంటే లోపలి చట్రమే బలహీనపడిందని అర్థం. చక్రాలు ఇంకొక లెక్క. అరిగిన చక్రాన్ని లేతు యంత్రం మీద తిప్పుతూ చెక్కి మళ్లీ గుండ్రంగా చేస్తారు. ప్రతిసారీ కొంత లోహం పోతుంది, ఒక హద్దు దాటాక చెక్కడానికి ఏమీ మిగలదు. అమ్మేవాళ్లు ఆ హద్దుకు దగ్గరగా వచ్చిన చక్రాలతోనే పెట్టెను అప్పగిస్తే, మొదటి ఏడాదిలోనే కొత్త చక్రాల ఖర్చు మీద పడుతుంది. పాత పెట్టెల గోడల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉంటే దాన్ని తీయించడం మరొక పెద్ద పని. వీటన్నిటితోపాటు విడిభాగాల కోసం అదనంగా రెండు మూడు పెట్టెలు కొని షెడ్డులో పెట్టుకోవడం మంచిది. ఐల్ ఆఫ్ వైట్‌లో కూడా నడవని రైళ్ల నుంచి భాగాలు ఊడదీసి నడిచేవాటికి పెట్టుకొంటూ వచ్చారు.

ప్రశ్న: ఇంతకీ ఆ ద్వీపంలో ఇప్పుడు ఏ రైళ్లు నడుస్తున్నాయి? ఈసారైనా కొత్తవి కొన్నారా?

జవాబు: కొనలేదు. లండన్ భూగర్భ రైల్వేలోని డిస్ట్రిక్ట్ మార్గంలో 1980లో మొదలై 2017లో తప్పుకొన్న రైళ్ల పెట్టెలనే మళ్లీ తెచ్చారు. అయితే ఈసారి పని వేరు. పెట్టెల ఒళ్లు అల్యూమినియం కాబట్టి ఉక్కులా తుప్పు పట్టదు. దాన్ని ఉంచుకొని, లోపల మోటార్లు, నియంత్రణ వ్యవస్థ, సీట్లు కొత్తగా అమర్చారు. వివారైల్ అనే సంస్థ ఈ పని చేసి రెండేసి పెట్టెల రైళ్లు ఐదు తయారుచేసింది. 2021 జనవరిలో మార్గాన్ని మూసి, వసంతంలోపే తెరుద్దామనుకొన్నారు. సాఫ్ట్‌వేర్ చిక్కులు కూడా తోడవడంతో నవంబరు 1 దాకా తెరవలేకపోయారు. నలభై ఏళ్ల పాత ఒళ్లు పేచీ పెట్టలేదు, అందులో పెట్టిన కొత్త మెదడే పెట్టింది. 2022 చివర్లో వివారైల్ ఆర్థికంగా దెబ్బతిని మూతపడడంతో, తయారుచేసినవారి అండ లేకుండానే ఆ రైళ్లను చూసుకోవలసి వచ్చింది.

1938 నమూనా రైళ్లలో ఒకటి ద్వీపంలోనే ఉండిపోయింది. దాన్ని అక్కడి ఆవిరి రైల్వే సంరక్షకులు తీసుకొన్నారు.